నిమ్మరసం అమ్మిన పాప



ఎండాకాలంలో మన ఇంటికి ఎవరన్నా వస్తే ఏం ఇస్తాం? ముందు మంచినీళ్లు ఇస్తాం. నిమ్మకాయ ఉంటే ఇంత పంచదార వేసి నిమ్మరసం కలుపుతాం. ఆ గ్లాసు నిమ్మరసం ఎంత పెద్ద పని చేయగలదో ఈరోజు చెప్పుకుందాం.

అమెరికా దేశంలో పిల్లలకు ఒక అలవాటు ఉంది. వేసవిలో ఇంటి ముందు చిన్న బల్ల వేస్తారు. దాని మీద నిమ్మరసం పెట్టి అమ్ముతారు. బడి పిల్లలు కేకులు, బిస్కెట్లు తెచ్చి బడిలోనే అమ్ముతారు. చాలాసార్లు ఆ డబ్బు తమకోసం వాడుకోరు. ఏదో ఒక మంచి పనికి ఇస్తారు.

అక్కడ అలెక్స్ అనే పాప ఉండేది. పూర్తి పేరు అలెగ్జాండ్రా స్కాట్. 1996లో పుట్టింది. ఏడాది నిండకముందే పాపకు క్యాన్సర్ అని తేలింది. అది పసిపిల్లలకు ఎక్కువగా వచ్చే రకం. పాప బాల్యమంతా ఆసుపత్రుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది.

2000లో పాపకు నాలుగేళ్లు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక నిమ్మరసం అమ్ముతానని తల్లితో చెప్పింది. బొమ్మలు కొనుక్కోవడానికి కాదు. తనలాంటి పిల్లలకు వైద్యం చేసే డాక్టర్లకు ఇవ్వడానికి. ఆ ఏడు అన్న సాయంతో బల్ల వేసింది. 2000 డాలర్లు వచ్చాయి. మనకు రూపాయి ఎలాగో, వాళ్లకు డాలరు అలాగ.

జబ్బు పూర్తిగా తగ్గలేదు. అయినా పాప ఏటా బల్ల వేసింది. ఆ సంగతి విని వేరే ఊళ్ల పిల్లలు కూడా బల్లలు వేశారు. 2004 ఆగస్టు 1న అలెక్స్ చనిపోయింది. అప్పటికి ఎనిమిదేళ్లే. కానీ ఆ బల్లల మీద కూడిన డబ్బు 10 లక్షల డాలర్లు దాటింది. పిల్లల క్యాన్సర్‌కు మంచి మందులు కనిపెట్టే పనికి ఆ డబ్బు ఇచ్చారు. పాప పేరుతో ఏర్పడిన సంస్థ ఆ పనిని కొనసాగిస్తోంది.

నిమ్మరసానికి అంత డబ్బు ఎలా వచ్చింది? జనం దాహంతోనే రాలేదమ్మా. తమ డబ్బు ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలుసు. ఆ నమ్మకంతో ఇచ్చారు.

నమ్మకం నిలవాలంటే లెక్క ఉండాలి. మన పిల్లలు బడి పండుగనాడు నిమ్మరసం అమ్మారనుకోండి. నిమ్మకాయలకు 50 రూపాయలు, పంచదారకు 40, ఐసుకు 30. మొత్తం పెట్టుబడి 120. గ్లాసు 10 రూపాయలకు 40 గ్లాసులు అమ్మితే 400 వస్తాయి. 400లో 120 తీసేస్తే మిగిలేది 280. మంచి పనికి ఇచ్చేది ఆ 280. పెట్టుబడి పెట్టిన తల్లి ఆ 120 తనకు వద్దంటే, అదీ పుస్తకంలో రాయాలి. డబ్బు ఒకరు పట్టుకోవాలి, లెక్క ఇంకొకరు రాయాలి. చివరికి అందరి ముందూ చదివి వినిపించాలి. మన పొదుపు సంఘంలో చేసేది ఇదే కదా!

"పిల్లల చేత వ్యాపారమా? బడి మానేసి పనికి పోయినట్టే కదా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన మాటే. అందుకే హద్దు పెట్టుకోవాలి. ఏడాదికి ఒకటి రెండు రోజులే చేయాలి. చదువు పోకూడదు. పెద్దలు పక్కనే ఉండాలి. ఎవరినీ బలవంతం చేయకూడదు. ఇల్లు గడవడానికి పిల్లలను పనిలో పెట్టడం వేరు, ఇది వేరు.

మీ పిల్లల బడిలో ఎప్పుడైనా ఇలాంటి బల్ల వేస్తే, దూరంగా నిలబడకండి. పుస్తకం, పెన్సిలు తీసుకుని పక్కన కూర్చోండి. వచ్చింది రాయండి, పోయింది రాయండి. మీరు నేర్చిన అక్షరం అక్కడ పిల్లల మంచి పనికి కాపలా కాస్తుంది.