పరదేశంలో బాడుగ కారు – బీమా కాగితం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు చెప్పినప్పుడు పక్కనున్న ఒక పెద్దాయన, "సత్యవేడులో కూర్చొని దుబాయి కార్ల లెక్క మనకెందుకు సార్?" అన్నారు. ఆయన కొడుకు షార్జాలో ఉన్నాడు. పోయిన ఏడు ఆయనా, ఆయన బేగం గారూ విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ ఉన్నన్ని దినాలూ బాడుగ కారులోనే తిరిగి వచ్చారు. మన పిల్లలు కువైట్‌లో, సౌదీలో, ఎమిరేట్స్‌లో ఉన్నారు. వారి దగ్గరికి అమ్మానాన్నలు పోతున్నారు. ఉమ్రాకు పోయినవారు జిద్దాలో దిగి, నలుగురైదుగురు కలిసి ఒక కారు మాట్లాడుకొని మదీనా దాకా పోయి వస్తున్నారు. కావున ఈ లెక్క మనదే.

బాడుగ కారు తీసుకొనేటప్పుడు మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇన్సూరెన్సు ఉందా?" కౌంటరులోని మనిషి "ఉంది" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు, కాని సగం మాట. ఎవరికి ఉంది, ఎంతవరకు ఉంది, ఏం చేస్తే పోతుంది అన్నది మిగతా సగం. అది అతడు నోటితో చెప్పడు, కాగితంలో ఉంటుంది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. ఇక్కడ కారెక్కి ఊత్తుకోట దాటి మద్రాసు పోతాం. రాష్ట్రం మారుతుంది గాని బీమా మారదు. మన దేశంలో రోడ్డు మీద పోయే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా 1946 నుంచి తప్పనిసరి. ఇప్పుడున్న 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షను అదే చెబుతుంది. మన బండి తగిలి ఎదుటివాడికి నష్టం జరిగితే ఆ నష్టాన్ని బీమా కంపెనీ కట్టడమే దాని పని. మన బండికి తగిలిన దెబ్బతో దానికి సంబంధం లేదు. అయితే ఈ పాలసీ దేశపు ఎల్లతో ఆగిపోతుంది. నేపాల్, భూటాన్, శ్రీలంక వంటి ఇరుగుపొరుగు దేశాలకు వేరే రుసుము కట్టి పొడిగించుకొనే వీలుంది గాని, అరబ్ దేశాలకు అది పనికిరాదు. అక్కడ బాడుగ కారుతో వచ్చే కాగితమే మనకు దిక్కు.

ఆ కాగితం గల్ఫ్‌లో ఇంగ్లీషులోను, అరబ్బీలోను ఉంటుంది. ఇంగ్లీషు చూసి భయపడతాం, అరబ్బీ మనకు రాదనుకుంటాం. నేను ఉర్దూ చెప్పుకొనే వాడిని కనుక ఒక మాట ధైర్యంగా అంటాను. ఆ కాగితంలో ముఖ్యమైన మాటలన్నీ మన ఇళ్ళలో ఉర్దూ చదివిన ఆడపిల్లకు కూడా తెలిసినవే.

బీమాను అరబ్బీలో 'తామీన్' అంటారు. మూలంలో 'అమన్' ఉంది. 'తామీన్ జిద్దల్ గైర్' అని రాసి ఉంటే, అందులోని 'గైర్' ఎవరో మీకు నేను చెప్పాలా? పరాయివాడు. అది థర్డ్ పార్టీ బీమా. ఎదుటివాడి కారుకు, ఎదుటివాడి ప్రాణానికి గాని మీరు బాడుగకు తీసుకున్న కారుకు కాదు. ఆ కారు డొక్కయితే మొత్తం మీ నెత్తినే. 'తామీన్ షామిల్' అని ఉంటే బాడుగ కారు కూడా అందులో షామిల్. మామూలుగా మనం తీసుకోవలసింది ఇదే.

కాని షామిల్ అన్నంత మాత్రాన నిశ్చింత లేదు. దాని పక్కనే 'మబ్లగుత్ తహమ్ముల్' అని ఒక అంకె ఉంటుంది. మబ్లగ్ అంటే సొమ్ము. తహమ్ముల్ అంటే మనం ఓర్పు అంటాం, భరించడం అంటాం. మీరు భరించవలసిన సొమ్ము అన్నమాట. ఇంగ్లీషులో దీన్ని ఎక్సెస్ అనీ, డిడక్టబుల్ అనీ రాస్తారు. ఆ అంకె 1,500 దిర్హములు ఉందనుకోండి. తప్పు మీదై, కారుకు 6,000 దిర్హముల దెబ్బ తగిలితే 4,500 బీమా చూసుకుంటుంది, 1,500 మీ దగ్గర పట్టుకుంటారు. దెబ్బ 1,200కే అయితే మొత్తం మీదే, బీమా ముట్టుకోదు. దినానికి కొంత ఎక్కువ కడితే ఈ తహమ్ముల్‌ను తగ్గిస్తామనో, తీసేస్తామనో అంటారు. సి.డి.డబ్ల్యు. అని, సూపర్ సి.డి.డబ్ల్యు. అని వాళ్ళు చెప్పేది దీన్నే. నిజానికి అది బీమా కాదు. "మా కారు చెడినా నీ దగ్గర ఇంతకంటే అడగం" అని కారు యజమాని ఇచ్చే మాట. మాట కాబట్టి దానికి షరతులుంటాయి. టైరు, అద్దం, కారు అడుగు భాగం, పోయిన తాళం చెవి, ఇసుక దిబ్బల్లోకి తోలితే వచ్చే నష్టం – ఇవి చాలా కాగితాల్లో బయటే ఉంటాయి. 'ఇస్తిస్నా' అనే మాట కనబడిన చోట వేలుపెట్టి చదవండి. ఎడారి చూద్దామని పిల్లలు ముచ్చటపడి మామూలు కారును ఇసుకలోకి దించితే షామిల్ కాస్తా గైర్‌షామిల్ అవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది స్టీరింగు పట్టే మనిషి పేరు. కాగితం మీద ఎవరి పేరుందో వారే తోలాలి. రెండోవారు తోలాలంటే 'సాయిక్ ఇజాఫీ', అంటే అదనపు డ్రైవరు, అని పేరు ఎక్కించుకోవాలి. అందుకు కాస్త రుసుము తీసుకుంటారు. సౌదీలో పరాయి బండి తోలడానికి 'తఫ్వీజ్' అనే అనుమతి వేరే ఉంది. మన జిల్లా కుర్రవాడు ఒకడు స్నేహితులతో అబూధాబీ నుంచి వస్తూ నిద్ర వస్తోందని పక్కవాడికి కారు ఇచ్చాడు. నిద్రమత్తులో తోలకపోవడం మంచి బుద్ధే. కాని పక్కవాడి పేరు కాగితంలో లేదు. వాడు ముందు బండిని తగిలించాడు. ఎవరికీ గాయాలు కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. కాని బాడుగ కారు రిపేరు ఖర్చంతా, రిపేరు జరిగిన దినాల బాడుగతో సహా, మనవాడే కట్టుకున్నాడు. ఇంటికి పంపవలసిన మూడు నెలల డబ్బు అందులో పోయింది. ఇక్కడ చెల్లెలి పెళ్ళి ఆ ఏడు ఆగింది.

లైసెన్సు మాట కూడా చెప్పుకోవాలి. ఉర్దూలో రుఖ్సత్ అంటే సెలవు, అరబ్బీలో అదే మాట లైసెన్సు. విజిట్ మీద పోయేవారు మన ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకొని, మన అసలు లైసెన్సుతో కలిపి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు చూపాలి. పర్మిటు ఎక్కువలో ఎక్కువ ఒక ఏడాదే చెల్లుతుంది. ఎమిరేట్స్‌లో అఖామా ఉన్నవారికి ఇది చెల్లదు, వారు అక్కడి లైసెన్సే చూపాలి. "వీసా మారింది, పర్మిటుకు ఇంకా గడువుంది కదా" అని తోలితే చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడే. లైసెన్సు లేనివాడికి బీమా లేదు.

ఇక ప్రమాదం జరిగితే. మన పక్క మొదట గుంపు చేరుతుంది, కేకలు, తరువాత "పోనీలే అన్నా, ఐదు వందలిచ్చి పో" అని రాజీ. అక్కడ ఆ రాజీ పనికిరాదు. ఎమిరేట్స్‌లో పోలీసు రిపోర్టు లేకుండా గ్యారేజివాడు గీతపడిన కారును కూడా బాగుచేయకూడదు, బీమావాడు పైసా ఇవ్వడు. ఆ రిపోర్టును అరబ్బీలో 'తఖ్రీర్' అంటారు. మనకు తఖ్రీర్ అంటే ఇప్పుడు నేను చేస్తున్నది, ప్రసంగం! ఈ తఖ్రీర్ మరిచిపోయినా పరవాలేదు, ఆ తఖ్రీర్ మాత్రం చేతికి రాకుండా కదలవద్దు. ఎమిరేట్స్‌లో పోలీసుకు 999, కువైట్‌లో 112, సౌదీలో మక్కా, మదీనా, రియాద్ ప్రాంతాలలో 911. సౌదీ నగరాల్లో గాయాలు లేని ప్రమాదాలను 'నజ్మ్' అనే సంస్థ మనుషులు వచ్చి చూసి, తప్పు ఎవరిది ఎంత అని రాసిస్తారు. గాయమైతే అది ట్రాఫిక్ పోలీసుల పని.

ప్రాణం పోతే మాట వేరు. సౌదీలో ప్రమాదవశాత్తు జరిగిన మరణానికి దియత్ 2011లో 3 లక్షల రియాళ్ళకు పెరిగింది. మన రూపాయల్లో 60 లక్షల పైమాటే. అక్కడి తప్పనిసరి బీమా ఈ భారాన్ని మోస్తుంది, దాని గరిష్ఠ పరిమితి కోటి రియాళ్ళు. అయితే మరి భయమెందుకు? ఆ పాలసీలోనే 'హక్కుర్ రుజూ' అని ఉంది. రుజూ అంటే తిరిగి రావడం. ఎర్ర దీపం దాటినా, ఎదురు దారిలో తోలినా, మత్తులో తోలినా, లైసెన్సు లేకున్నా, బీమా కంపెనీ ముందు చనిపోయినవారి వారసులకు సొమ్ము కట్టి, తరువాత దాన్ని రాబట్టుకోవడానికి తోలినవాడి మీదికి తిరిగి రావచ్చు. నెలకు 2,000 రియాళ్ళు సంపాదించే పిల్లవాడు దాన్ని ఎన్నేళ్ళకు కట్టగలడు? కేసు తేలేదాకా దేశం విడిచి రానివ్వకపోవచ్చు. ఆ రుజూ చివరికి ఇక్కడి ఇంటి మీదికి, ఉన్న అరెకరం చేను మీదికి వస్తుంది.

కువైట్ నుంచి రోడ్డు మార్గాన ఉమ్రాకు పోయేవారు ఇంకొకటి గమనించాలి. కువైట్ బీమా సౌదీ ఎల్లలో ఆగుతుంది. ఖఫ్జీ దగ్గర సౌదీ బీమా వేరుగా తీసుకోవాలి. ఎమిరేట్స్ నుంచి ఒమాన్ పోయినా అక్కడికి చెల్లే బీమా ఉండాలి. అరబ్ దేశాలు 1975లో ట్యూనిస్‌లో ఒప్పందం చేసుకొని ఆరెంజి కార్డు అనే ఉమ్మడి బీమా కార్డు పెట్టుకున్నాయి. బాడుగ కారైతే ఇవి చాలవు. యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే ఎల్ల దాటించరాదు.

బీమా జాయిజా అని కొందరు పెద్దలు నన్ను వరండాలో అడిగారు. నేను ముఫ్తీని కాను. జిద్దాలో 1985లో కూర్చున్న ఫిఖ్హ్ అకాడమీ వ్యాపార బీమాను కాదని, పరస్పర సహాయం మీద నడిచే సహకార బీమాను ఒప్పుకుంది. సౌదీ 2003లో చేసిన బీమా చట్టం కూడా సహకార పద్ధతి పేరుమీదే ఉంది. థర్డ్ పార్టీ ప్రభుత్వ నిర్బంధం, అందులో మన ఇష్టం లేదు. మిగతాది మీ ఆలిమ్‌ను అడగండి. ఒకటి మాత్రం నాకు తోస్తుంది: బాడుగ వస్తువు మన చేతిలో అమానత్, ఎదుటివాడి ప్రాణం అంతకంటే పెద్ద అమానత్.

అమెరికాలో పిల్లలున్నవారికి రెండు ముక్కలు. అక్కడ కథ తిరగబడుతుంది. ఎదుటివాడి కోసం ఉండే కనీసపు బీమాయే చాలా చిన్నది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1న పెంచిన తరువాత కూడా ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు. ఆసుపత్రిలో కొన్ని దినాలకే అది కరిగిపోతుంది. అక్కడ సొంత కారు బీమా లేని మనబోటి చుట్టపుచూపు వాళ్ళు అదనపు లయబిలిటీ బీమా తీసుకోక తప్పదు. క్రెడిట్ కార్డులో బీమా ఉందంటారు. అది సాధారణంగా కారుకే, మనిషికి కాదు.

తాళం తీసుకొనేముందు కారు చుట్టూ తిరిగి ఫోనులో వీడియో తీయండి. పాత గీతలు కాగితంలో రాయించండి. పెట్రోలు ముల్లు, మీటరు అంకె కూడా వీడియోలో పడాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అదే మళ్ళీ చేసి, కారు అందినట్టు సంతకం తీసుకోండి. కార్డు మీద ఆపిన డిపాజిట్టు వెంటనే రాదు. కెమెరా జరిమానాలు, దుబాయి 'సాలిక్' టోలు లెక్క చూసి కొన్ని వారాలకు వదులుతారు. కాబట్టి ఇంటికి వచ్చాక కూడా ఆ కాగితం పారవేయవద్దు.

ఈ సెలవుల్లో పోయేవారు బాడుగ కాగితం నమూనాను పిల్లల దగ్గర ముందే ఫోనుకు తెప్పించుకొని, అసర్ తరువాత మా స్కూలుకు తెస్తే, అరబ్బీ వైపు నేను కూర్చొని చదివిపెడతాను.