బొంత పరిచే పండగ



బంగారుపాళ్యంలో డిసెంబరు ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండు దాకా క్రిస్మస్ పాటలవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ధనుర్మాసం పట్టిందంటే తెల్లారకముందే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. మొగిలి ఘాటు దిగే లారీలు మంచులో లైట్లు వేసుకుని వస్తాయి. ఆ పాటలకూ ఈ పాటలకూ నడుమ మిగిలే నిద్రలోంచి రోజూ ఇంత కోసుకుని, ఏళ్ల తరబడి నేను బొంతలు కుట్టాను. కోసుకున్నది నా నిద్రే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఇంటివాళ్లకు నష్టమేనని ఆలస్యంగా తెలిసింది. ఈ పూట ఆ సంగతే చెప్తాను.

మీలో చాలామందికి నేను జాకెట్లు కుట్టే మనిషిగా తెలుసు. మిషను నాకు అన్నం పెడుతోంది. బొంత నా ఇష్టం. జాకెట్టుకు కొలత ఉంది, కూలి ఉంది, ఇచ్చే తేదీ ఉంది. చేతిసూది పట్టుకుని బొంత ముందర కూర్చుంటే ఈ మూడూ ఉండవు. రోజంతా పెడల్ తొక్కిన కాళ్లు చాపుకుని, వరస తర్వాత వరస కుట్టుకుంటూ పోతుంటే మనసులో ఉన్న గోలంతా దారం వెంట దిగిపోతుంది. కుట్టే అలవాటున్న వాళ్లకు నేనేమంటున్నానో తెలుసు.

అయితే చలి వచ్చేది డిసెంబరులోనే, బొంత గుర్తొచ్చేదీ డిసెంబరులోనే. మిషను మీద క్రిస్మస్ జాకెట్లు, పిల్లల ఫ్రాకులు గుట్టపడేదీ అప్పుడే. అవి అయ్యీ కాకముందే సంక్రాంతివి వస్తాయి. ఇంట్లో గోడలకు రంగులు వేయించాలి, నిప్పట్లు, మణుగుబూలు కాల్చాలి, వాకిట్లో నక్షత్రం కట్టాలి, బెంగుళూరు బస్సు దిగే పిల్లల కోసం పరుపులు ఎండేయాలి. ఇన్నిటి తర్వాత మిగిలేదేమిటి? రాత్రి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కోసి పక్కపక్కన కలిపితే తొమ్మిదడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు వస్తుంది. అది ఒక పొర. పైన ఒకటి, కింద ఒకటి, నడుమ రెండు పెడితే మన చలికి సరిపోయే బొంత. ఏడున్నర అడుగులంటే 90 అంగుళాలు. అంగుళన్నర ఎడం చొప్పున కుడితే 60 వరసలు. నా చేతికి ఒక వరస అరగంట పడుతుంది. అంటే 30 గంటలు. రోజుకు గంట లెక్కన ఒక్కరోజు తప్పకుండా కూర్చున్నా నెల పడుతుంది. డిసెంబరు 1న మొదలుపెట్టినవాళ్లకు 25 నాటికి బొంత పూర్తి కాదు. చేతి నేర్పుకూ దీనికీ సంబంధం లేదు. ఈ లెక్క నేను వేసుకోకుండానే ఏటా ఎవరో ఒకరికి మాటిచ్చేదాన్ని, క్రిస్మస్‌కు బొంత ఇస్తానని.

తొమ్మిదేళ్ల కిందట నా కూతురు మూడు నెలల బిడ్డతో క్రిస్మస్‌కు వచ్చింది. మొదటి మనవరాలు. ఆ బిడ్డకు పండగ రోజున నా చేతి బొంత కప్పాలని పట్టుపట్టాను. చిన్న బొంతే, కానీ రెండో వారంలో మొదలుపెట్టాను, మిషను మీద పని అట్లాగే ఉంది. బిడ్డ వచ్చింది 23న. వచ్చిన దగ్గర్నుంచీ నేను దాన్ని ఎత్తుకున్నది తక్కువ, దాని బొంతను ఒళ్లో పెట్టుకున్నది ఎక్కువ. 24 రాత్రి పాటలవాళ్లు వాకిట్లోకి వచ్చారు. ఇంట్లో అందరూ బయటికి పోయి నిలబడ్డారు. నేను లేవలేదు. మూడే వరసలు మిగిలాయి.

తొమ్మిదిన్నరప్పుడు దారం అయిపోయింది. కొత్త దారం తీసుకుని చూస్తే సూది లేదు.

చాపమీద లేదు, చీర కొంగులో లేదు. బొంతలోనే ఉండాలి. బిడ్డను పడుకోబెట్టాల్సిన బొంతలో. అల్లుడు పాత స్పీకరు ఊడదీసి అందులోని అయస్కాంతం తెచ్చి పొరల మీద ఆడించాడు. కూతురు సెల్‌ఫోను లైటు పట్టింది. మా అత్త అప్పటికి డెబ్బై దాటిన మనిషి, "సూది దొరికేదాకా ఎవురూ పడుకునేది లేదు" అని కింద కూర్చుని, అరచెయ్యి బొంతమీద ఆనించి అంగుళం అంగుళం తడమడం మొదలుపెట్టింది. సూది ఆమెకే దొరికింది, మడత కుట్టిన అంచులో, మొన లోపలికి తిరిగి. బిడ్డ తల పెట్టే వైపు.

అప్పటికి అర్ధరాత్రి ఆరాధన అయిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లోంచి ఒక్కరూ చర్చికి పోలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. తెల్లారి కాఫీ ఇస్తూ మా అత్త మాత్రం ఒకటే మాట చెప్పింది: "బొంత యాడికీ పోదు మే. బిడ్డ మూడు దినాలే ఉంటుంది."

అప్పటినుంచి అగ్గిపెట్టెలో ఏడు సూదులు పెట్టుకుని, కూర్చునేముందు ఏడు, లేచేముందు ఏడు లెక్కపెడతాను. దారం లేని సూదిని ఎక్కడా వదలను, చిన్నదైనా ఎర్రదారం తోక ఉండాల్సిందే. కుట్టేవాళ్లు దయచేసి ఈ రెండూ పాటించండి. పసిబిడ్డలుండే ఇల్లయితే మరీనూ.

ఆ పండగ తర్వాత మా జేజి ఎట్లా కుట్టేదో గుర్తు చేసుకున్నాను. అప్పటిదాకా ఆమె సూదినే గుర్తుపెట్టుకున్నాను, ఆమె పద్ధతిని మరిచిపోయాను. శనక్కాయలు పీకి, కాయలు కొట్టి ఇంటికి చేర్చినాక, ఒక ఎండపూట వాకిలి అలికి ఆరబెట్టేది. ఉతికిన చీరలు తెచ్చి పరిచేది. పక్కింటి ఆడవాళ్లు నలుగురు వచ్చి నాలుగు మూలలూ పట్టి లాగేవాళ్లు. ముడత పోయేదాకా లాగుతూ, పొర మీద పొర. మూలలు జారకుండా మమ్మల్ని, అంటే పిల్లకాయల్ని, మూలకొకరిని కూర్చోబెట్టేది. రాళ్లు పెట్టొచ్చు కదా అని అడిగితే, రాయి చెప్పిన మాట వినదు, మీరైతే జరగమంటే జరుగుతారు అనేది. లావు దారంతో దూరదూరంగా కచ్చాకుట్లు వేసి, చాపలాగా చుట్టి అటక మీద పెట్టేది. తర్వాత వేసవి దాకా, తీరినప్పుడల్లా ఒక్కతే కూర్చుని కుట్టుకునేది. ఆ బొంతకు ఇచ్చే తేదీ ఉండేది కాదు. ఎవరింట్లో కాన్పు అయితే వాళ్లకు పోయేది.

పరిచేటప్పుడు నలుగురు కావాలి, కుట్టేటప్పుడు ఒక్కరు చాలు. నేను దీన్ని తిరగేశాను. ఇంటినిండా జనం ఉన్న పండగలో ఒంటరిగా కుట్టాను, ఎవరూ లేని రోజుల్లో ఒక్కదాన్నే పరచడానికి అవస్థపడ్డాను. అందుకే ముడతలు పడేవి కూడా.

బొంతలు కుట్టడం మన ఊరి సంగతే అనుకోవద్దు. నంగిలి దాటి కర్నాటకలోకి పోతే పాతబట్టల బొంతను కౌది అంటారు. ఇంకా పైకి ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ అడవుల పక్కన సిద్దీలనే జనం ఉన్నారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల బొంత పేరు కవంది. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుంటూ వస్తారు. నాలుగు మూలల్లో గుడ్డను మడిచి చిన్న పువ్వులు పెడతారు. ఆ పువ్వులు లేకపోతే వాళ్ల లెక్కలో బొంత పూర్తి కానట్టే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక ఊరుంది. నది మూడువైపులా చుట్టుకుని పారుతుంది. బానిసలుగా తెచ్చిన నల్లవాళ్ల పిల్లల పిల్లలు అక్కడ పత్తిచేలల్లో బతికారు. ఆ ఊరి ఆడవాళ్లు చినిగిన పనిబట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. నాకు ఆ ఊరివాళ్లలో మిసౌరి పెట్‌వే అనే ఆమె బొంతంటే ప్రాణం. భర్త చనిపోయాక 1942లో ఆమె, అతను పొలంలో వేసుకున్న బట్టలన్నీ విప్పి ముక్కలు చేసి బొంత కుట్టుకుంది. ఆమె కూతురు ఆర్లోంజియా తర్వాత దాని కథ లోకానికి చెప్పింది. వెలిసిపోయిన నీలం, బూడిదరంగు, అక్కడక్కడా మరకలు. మనవాళ్లు పనికిరాని ఏ ఏర్పాటునైనా "అతుకుల బొంత" అని తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఒక మనిషి జీవితకాలం తొడుక్కున్న గుడ్డల్ని ఒకచోట నిలబెట్టింది ఆ అతుకే కదా.

మా అత్తతో నాకు మొదటినుంచీ ఒక తకరారు ఉండేది. "పండగపూట ఇంట్లో పాతగుడ్డలేంది మే? వచ్చినోళ్లు ఏమనుకుంటారు?" అనేది. క్రిస్మస్ అంటే మన ఇళ్లల్లో కొత్తబట్టలు. అప్పుచేసైనా పిల్లకాయలకు కొత్తవి తొడుగుతాం, తప్పు లేదు. ఆమెకు చాన్నాళ్లు జవాబు చెప్పలేకపోయాను. ఒక ఏడు చర్చిలో పశువుల తొట్టి అలంకరిస్తూ బొమ్మకు గుడ్డ చుడుతుంటే తోచింది. పుట్టిన ప్రభువును చుట్టినవి పొత్తిగుడ్డలని లూకా సువార్తలో చదువుతాం. మన ఇళ్లల్లో బిడ్డ పుడితే మొదట ఏం చుడతాం? ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలుచీర. కొత్తగుడ్డ గరుకు, బిడ్డ ఒళ్లు ఓర్చుకోదు. ఇది చెప్తే మా అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచిపోయి, పెట్టె అడుగునుంచి తన పెండ్లినాటి నూలుచీర తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో 25 సాయంత్రం దాకా నేను చేతిసూది ముట్టను. 26న మధ్యాహ్నం అన్నాలయ్యాక హాల్లో కుర్చీలు తీసేస్తాం. ఇంట్లో ఉన్నవాళ్లందరూ తలా ఒక పాతబట్ట తెస్తారు, అది ఎవరిదో, ఎప్పుడు కట్టుకున్నదో చెప్తారు. మొన్నటి ఏడు నా కొడుకు తను ఏడో తరగతిలో తొడుక్కున్న చొక్కా తెచ్చాడు. ఆ చొక్కా ఇన్నేళ్లు దాచాడని నాకే తెలీదు. మూలలు మగవాళ్లు పట్టి లాగుతారు, వాళ్ల చేతుల్లో బలం ఉంది, ముడత నిలవదు. మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, అది ఒక మూలన కూర్చుంటుంది. కచ్చాకుట్లు అందరూ వేస్తారు, వంకరగా వేసినా పర్లేదు, ఎట్లాగూ చివర్లో తీసేసేవే. చుట్టి బీరువా మీద పెట్టేస్తాం.

సంక్రాంతి వెళ్లి పిల్లలు ఊర్లకు పోయాక నా పని మొదలు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా. ఈ గంట నేను ఇంట్లో అడిగి తీసుకున్నాను. అడగడానికి సిగ్గుపడ్డాను, ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "ఆ గంటలో మిషను పనికి వచ్చినోళ్లతో నేను మాట్లాడతాలే" అన్నాడు. అంతే. రాత్రిళ్లు దొంగతనంగా కుట్టినన్నాళ్లూ నాకొక గంట కావాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజుకు రెండు వరసలు, మధ్యలో పెండ్లిళ్లు, జ్వరాలు పోగా, మామిడిపూత పిందె పట్టి కాయ ఊరే వేళకు బొంత పూర్తవుతుంది. చలి పోయినాక బొంతేంటని అడుగుతారు. వచ్చే చలికి ఉంటుంది.

బట్ట గురించి ఒక్కమాట. నూలుదే తీసుకోండి. పాలిస్టరు చీర మీద సూది జారుతుంది, కప్పుకుంటే చెమట పీల్చదు, పొరలు ఒకదాని మీదొకటి నిలవవు. నగరి, పుత్తూరు మగ్గాల మీది నూలుబట్ట పాతబడేకొద్దీ మెత్తనవుతుంది. అటువంటి చీరలు స్టీలుగిన్నెల వాళ్లకు వేసేయకండి. ఒక గిన్నె కోసం మీ అమ్మ కట్టిన చీర ఇచ్చేస్తే మళ్లీ రాదు. దారానికి క్రిస్మస్ కొవ్వొత్తి ముక్క రుద్దుకుంటే చిక్కుపడదు. వేలికి ఇనుపటోపీ పెట్టుకోండి, నాలుగు పొరలు గుచ్చే సూది మొండికేస్తుంది.

ఇంక ఎక్కువ చెప్పను. పొద్దు వాలుతోంది. ఆ వరండాలో చాప పరిపించాను, దానిమీద నాలుగు చీరలున్నాయి. అడుగునది నాది, నడుమవి రెండూ ఈ వీధివాళ్లు ఇచ్చినవి. పైదానికి అంచులో చిన్న చిరుగు ఉంది, చూసి పట్టుకోండి, అది మా అత్తది. ఆమె పోయి రెండేళ్లయింది. మూలకొకరు నలుగురు రండి. పిల్లకాయల్ని కూడా పిలవండి, కూర్చోడానికి.