పాతపడవకు నడిమిపీఠము
(కారంపూడి వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



మన వృత్తియొక్క భవిష్యత్తునుగూర్చి ముచ్చటింపుడని సభానిర్వాహకులు మమ్ము కోరిరి. బ్రదుకంతయు బడిపిల్లలచేత శబ్దమంజరిని, అమరకోశమును వల్లెవేయించిన మేము భవిష్యత్తు చెప్పు జ్యోతిష్కులము కాము. కావున నంత పెద్దమూటను తలకెత్తుకొనక, ఒక్క పడవనుగూర్చి మాత్రము మాటలాడ నెంచితిమి. ఆ పడవ యేదియో మీలో ననేకులకు తెలియును. దానికై చందా యడుగబడినవారికి మఱింత బాగుగా తెలియును.

నాగులేటి యొడ్డున నిలిచి పడవలమాట యెత్తుట కొందఱకు వింతగా తోచవచ్చును. కారంపూడి యనగనే వీరులగుడియు, బ్రహ్మనాయని చాపకూడును, బాలచంద్రుని పౌరుషమును స్మరణకు వచ్చునుగాని పడవ రాదు. అయినను ఈ నాగులేరు దాచేపల్లిమీదుగా పోయి కృష్ణనే కలియుచున్నది. ఈ పందిటిలో కూర్చున్న మనవారిలో పెక్కుమంది బ్రదుకుతెరువు ఆ కృష్ణనీటిమీదనే యున్నది. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీరు వదలబడినది మొదలు నాగార్జునసాగరము మన వృత్తి తీరునే మార్చివైచినది. పారునీటిలో వలవేసినవారి బిడ్డలు నిలువనీటిలో వలవేయుచున్నారు. జలాశయము 590 అడుగుల మట్టమున నిండుగానున్నప్పుడు దాని స్వభావమొకటి. వేసవిలో నీరు దిగి, బండలు నీటికి జానెడులోతున పొంచియున్నప్పుడు దాని స్వభావము వేఱొకటి. ఈ రెంటికిని సరిపడు పడవ కావలెను.

విషయమిది. మన యువకులైదుగురు కలసి యొక పాత మోటారుపడవను కొనదలచినారు. అది ఫైబరుతో పోసిన యిరువదియడుగుల పడవ. పూర్వమెవరో విహారమునకై చేయించినది. ముందుభాగమున సగము మూసిన చిన్నగది. దాని వెనుక కుడిప్రక్కను చుక్కానిచక్రము, దానికెదురుగా అద్దము. ఆ వెనుక ఎదురెదురుగా మెత్తని బల్లలు. షికారునకు బాగుగనే యుండును. కాని వల లాగుటకు గాని, నీట మునుగువానిని చేయిపట్టి పైకి తీయుటకు గాని అందు చోటులేదు. కావున గదిని, బల్లలను తొలగించి, పడవనడుమ నొక పీఠమును నిలిపి, దానిపై చుక్కానిచక్రమును, మోటారు పిడిని అమర్చి, చుట్టును మనిషి తిరుగుటకు దారి యుంచవలెనని వారి సంకల్పము. దీనికి సెంటరు కన్సోలని పేరు. మనము నడిమిపీఠమందము. సొమ్ములో సగము వారు కూర్చుకొనిరి. తక్కినది పోషకులను కోరుచున్నారు. 2028లో రానున్న కృష్ణాపుష్కరములలో ఆ పడవను స్నానఘట్టములకడ రక్షణకు నిలుపుదుమని మాటయు నిచ్చుచున్నారు.

మా యభిప్రాయము ముందే చెప్పివేయుదుము. సంకల్పము మంచిది. కాని పడవ యొడలు పరీక్షకు నిలిచిన పిమ్మటగాని ఒక్క రూపాయియు కదలరాదు. ఇందులకు కారణములు మనవి చేసెదము.

ధారానగరాధిపతియగు భోజునిపేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథమున నౌకలనుగూర్చిన ప్రకరణమొకటి కలదు. 1912లో రాధాకుముద ముఖర్జీగారు భారతీయనౌకాచరిత్రమును ప్రకటించుచు దానిని విశేషముగా వెలుగులోనికి తెచ్చిరి. గదియున్న తావునుబట్టి నౌకలందు మూడువిధములుగా చెప్పబడినవి. ఈ కొననుండి ఆ కొనవఱకు గదియున్నది సర్వమందిర. అది రాజధనమును, గుఱ్ఱములను, స్త్రీలను చేరవేయుటకు. నడుమ గదియున్నది మధ్యమందిర. అది రాజుల విహారమునకును, వానకాలమునకును. ముందుకొనను గదియున్నది అగ్రమందిర. అది దూరయాత్రలకును, నౌకాయుద్ధమునకును. గది యెచ్చట నుండవలెనను ప్రశ్నకు, నీ పని యేమని యెదురుప్రశ్న వేసిన ఆ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. మన యువకుల పని వలయు, రక్షణయు. వారికి మందిరము వలదు, పీఠము చాలును.

అదే గ్రంథము భీమ, భయ, గర్భర యను మూడుకొలతల నౌకలను అశుభములని చెప్పినది. ఆ కొలతలలో నీటిపై నిలుకడ చాలకపోవుటయే కారణము కావచ్చునని ముఖర్జీగారి యూహ. పూర్వులు అశుభమన్నప్పుడెల్ల దానివెనుక లెక్క యుండునని మేము వాదింపము. ఇచ్చటమాత్రము ఉన్నదనియే మాకును తోచుచున్నది. ఆ లెక్క సంగతి ముందుకు వచ్చును.

నడుమ నిలుచుటవలన లాభమేమి? మోటారు పడవకు వెనుకకొననే వ్రేలాడును. సరంగును అచ్చటనే కూర్చుండి పిడి పట్టినచో, మోటారు బరువు, మనిషి బరువు, పెట్రోలుడబ్బా బరువు వెనుకనే చేరి, ముక్కు పైకి లేచును. లేచిన ముక్కు ముందున్న బండను మూయును. కుడిప్రక్కను కూర్చున్నచో పడవ కుడికి ఒరగును; ఎడమయంచుకడ నీటిలోనున్నది కనబడదు. నడుమ నిలిచినవానికి రెండంచులును సమానమే. వల యే ప్రక్కనుండియైనను లాగవచ్చును. మునుగువాడు మనకు వీలైన ప్రక్కనే మునుగడు గదా!

ఇక నష్టము: నీడ పోవును. పలనాటి వైశాఖమున కృష్ణమీద మిట్టమధ్యాహ్నము నిలిచినవారికి వేఱుగ చెప్పనేల? అందులకు సన్నని గొట్టములమీద కాన్వాసుగుడ్డ కట్టుకొనుడు. రేకులకప్పు మాత్రము వలదు. పైన నెక్కిన ప్రతిశేరు బరువును పడవను పల్టీకొట్టించుటకే చూచును.

పరీక్ష మాటకు వత్తము. ఫైబరుపడవ కుళ్లదని లోకులనుకొందురు. ఫైబరు కుళ్లదు, దానిలోపల దాగియున్న కఱ్ఱ కుళ్లును. పడవ యడుగున పొడవునను సాగు దూలములు, మోటారు బిగించు వెనుకపలక, డెక్కు క్రిందిపలక, ఇవి పాతపడవలలో సాధారణముగ కఱ్ఱమీద ఫైబరు కప్పినవే. ఏనాడో ఎవడో ఒక మరకు బెజ్జము వేసి పూడ్చక విడిచియుండును. దానినుండి నీరు చేరును. పైకి నిగనిగలాడుచు లోపల గుల్లయైన గుమ్మడికాయవలె నుండును. కొయ్యసుత్తితో మెల్లగా తట్టుచు పోవలెను; గట్టిచోట కణకణలాడును, కుళ్లినచోట మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట సన్నని బెజ్జము వేసి పొట్టు చూడవలెను. పొడిగా తెల్లగా వచ్చిన మేలు; నల్లగా తడిగా వచ్చినచో ఆ దూలము పోయినట్లే. మోటారు క్రిందికొనను పట్టి మనిషి తన బరువుతో నొక్కినప్పుడు వెనుకపలక వంగినచో దానిని తీసి క్రొత్తది వేయవలసినదే.

దీనికంటె నిక్కమైన పరీక్ష తూకము. డెక్కు క్రింద నింపిన ఫోము ఏండ్లతరబడి నీరు పీల్చి, నానిన దూదివలె బరువెక్కియుండవచ్చును. సున్నపురాతి లారీలు తూచు కాటాలు మనకు కొదువలేదు. బండిమీద పడవనెక్కించి యొకమారు, ఉత్తబండి నొకమారు తూచినచో నిజము తేలును. ఆ కాటాచీటిని పోషకులకు చూపుడు. మాటలకంటె చీటి మేలు.

ఒడలు గట్టిదని తేలిన పిమ్మట కోత. ఇచ్చటనే తొందరపాటు పడవను చెఱుచును. డెక్కును, గదిని తీయగానే పడవ మూతతీసిన పెట్టెవలె సడలును. అంచులు విచ్చుకొనును, అడుగు మెలితిరుగును. ఆ వంకరలోనే క్రొత్త డెక్కు అతికినచో ఆ వంకర శాశ్వతము. కావున ముందుగా సమముగా నున్న దిమ్మలమీద పడవను నిలిపి, అంచునుండి అంచునకు అడ్డకఱ్ఱలు బిగించి, అటుపిమ్మట ఱంపము పట్టవలెను.

డెక్కు ఎంత యెత్తున నుండవలెను? మా యుపన్యాసములో ముఖ్యమైన మాట యిదియే. నీరు పల్లమెఱుగునని మన సామెత. పడవలోనికి వచ్చిన నీరు ఒరిగినప్రక్కకే పరుగెత్తి, ఆ ఒరుగును పెంచును. అందుచేత డెక్కుమీదపడిన నీరు తానై బెజ్జములగుండ బయటికి పోవలెనని యువకులు కోరుచున్నారు. న్యాయమే. అట్లు పోవుటకు డెక్కు బయటినీటిమట్టమునకు పైన నుండవలెను. లేనిచో ఆ బెజ్జములగుండనే యేరు లోపలికి వచ్చును. అయితే డెక్కును పైకెత్తినకొలది దానిపై నిలుచు మనుష్యుల బరువును పైకి లేచును. వారి మోకాళ్లకు కాపైన అంచు పొట్టిదగును. ఈ పడవ మనుష్యులు లోపల పల్లమున కూర్చుండుటకు కట్టినది. రేపు దానిలో ఐదుగురును నిలిచి, ఒకేప్రక్కకు వంగి వల లాగుదురు. భోజుడు చెప్పిన అశుభము ఇచ్చట పొంచియున్నది.

కొలత కొయ్యమీద లేదు, నీటిమీద నున్నది. పాతడెక్కు తీయకముందే పడవను నీట దింపి, రానున్న మోటారునకు, పెట్రోలునకు, పీఠమునకు సరియగు ఇసుకబస్తాలను వాని వాని తావులలోనుంచి, ఐదుగురు నెక్కి, బయట నీటిగీతను రంగుతో గుర్తింపవలెను. ఆ గీతకంటె డెక్కు కొంచెము పైన నున్న చాలును. అంతకు మించి ఒక్క యంగుళమును పెంచరాదు. అప్పుడే పీఠముయొక్క తావును తేల్చుకొనవచ్చును. ఒక ఖాళీపెట్టెను నడుమ నిలిపి, ముందుకు వెనుకకు జరుపుచు, పడవ సమముగా కూర్చున్నచోట సుద్దతో గీయుడు. సరిగా నడిమధ్యమునకంటె రవంత వెనుకకు రావచ్చును. ఐదుగురును ఒకే అంచునకు చేరి చూడుడు. అంచు నీటికి మిక్కిలి దగ్గఱకు వచ్చినచో ఈ పడవ ఈ పనికి తగదని, అద్దములు బల్లలు ఉన్నవానిని ఉన్నట్లే యుంచి, దానిని విడిచి రండు.

ఇంత నిక్కచ్చి యేలయని యడుగువారికి రెండు తేదులు చాలును. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నముకడ పవిత్రసంగమమున కృష్ణలో పడవ తిరుగబడినది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరుకడ గోదావరిలో విహారనౌక మునిగినది. రెంటను ఎన్ని యిండ్లలో దీపములాఱినవో మీకు తెలియును. కచ్చులూరు నౌకను అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము లంగరులతో, త్రాళ్లతో పైకి తీసినది. ఆ నేర్పునకు నమస్కరించుచున్నాము. మన పడవకుమాత్రము ఆ నేర్పుతో పని పడకుండుగాక.

ఆ యువకులలో నొకని తల్లి మమ్మడిగినది: “అయ్యవారూ, నడిమిన నిలబడితే పడవ మునగదంటగా, నిజమేనా?” అమ్మా, నడుమ నిలుచుట మునుగకుండుటకు మంత్రము కాదు. డెక్కు క్రింద గాలి చొరని అఱలలో క్రొత్త ఫోము నింపినచో, పడవ నిండ నీరు వచ్చినను తేలియుండును. దానిని పట్టుకొని మనుష్యులుందురు. ఒంటిమీద లైఫ్‌జాకెట్టు, సరంగు నడుమునకు మోటారు మీటకు నడుమ ఆపుత్రాడు ఉండవలెను. అతడు జారిపడినచో త్రాడులాగి మోటారు ఆగును. ఈ త్రాడు లేని పడవ యెక్కవలదని కుమారునితో చెప్పుము.

పెట్రోలుతొట్టిని నడుమ, పీఠముక్రిందనో దానికి దాపుననో ఉంచుట మేలు. నూనె తఱిగినకొలది ముందువెనుకల తూకము మారకుండును. అయితే పెట్రోలావిరి గాలికంటె బరువైనది. అడుగున చేరి నిప్పురవ్వకై కాచుకొనియుండును. తొట్టియఱకు గాలి వచ్చు దారియు, పోవు దారియు ఉండవలెను. బ్యాటరీ ఆ యఱలో నుండరాదు. పీఠమును ఉత్త డెక్కుపలకకు మరలతో బిగించిన చాలదు. అలలలో మనిషి పట్టుకొని వ్రేలాడునది అదియే గనుక, క్రింది దూలముల కంటవలెను.

రెజినుపని యిచ్చట చేయుదురేని, మన యెండను మఱువకుడు. వేసవిపగలు గట్టిపఱచుమందు కలిపిన రెజిను కుంచె ముంచులోపలనే గిన్నెలో రాయియగును. తెల్లవాఱుజామున, కొంచెము కొంచెముగా కలుపుకొని పనిచేయుడు. పాతఫైబరును గరుకుగా గీయనిదే క్రొత్తది అంటదు. ఆ గీయునప్పటి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, ముసుగు లేక పనిచేయరాదు.

మోటారు సంగతి యొక్కమాట. నేటి ఫోర్‌స్ట్రోకు మోటార్లు పాత టూస్ట్రోకువానికంటె బరువు. పాతవెనుకపలకకు పెద్దమోటారు తగిలింపవలెనను ఉబలాటము కుఱ్ఱతనము. పడవ కట్టినవారు విధించిన అశ్వశక్తికి మించరాదు. 2021 నాటి అంతర్దేశీయనౌకాశాసనము యంత్రపుపడవలకు తనిఖీని, నమోదును విధించినది. రూపు మార్చిన సంగతిని అధికారులకు తెలుపక నీట దింపవలదు.

పోషకమహాశయులకు మా మనవి. మీ సొమ్మును కోశాధికారియొద్ద నుంచుడు. సుత్తిపరీక్ష, కాటాచీటి, ఇసుకబస్తాల పరీక్ష, ఈ మూడును ముగిసి, కాగితము మీచేతికి వచ్చినపిమ్మట విడుదల చేయుడు. వచ్చు ఆదివారముదయమున యువకులు పడవను మాచర్ల కాటాకు తెచ్చెదరు. వడ్రంగమెఱిగినవారు ఇద్దఱు, వలపనిలో తలనెఱసినవారు ఇద్దఱు మాతో రావలెను. పేరులు ఈ సభ ముగియులోపల కార్యదర్శికి వ్రాయించుడు. కొయ్యసుత్తి మేము తెచ్చెదము.