త్రోసివేసిన దరఖాస్తు – తిరిగి అడిగే దారి

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణం కాగానే దరఖాస్తుల ప్రస్తావన తెచ్చినందుకు మన్నించండి. ఆదాయ వ్యయాలు ఇప్పుడే విన్నారు గదా! మన ఇండ్లలో అనేకులకు పిల్లల ఉపకార వేతనం ఆదాయంలో పెద్ద పద్దు. అది తిరస్కరింపబడినదని ఒక్క ముక్క రాగానే, మగపిల్లవాడైతే వచ్చే యేడు చూద్దామంటాము. ఆడపిల్లయితే చదువు మాన్పిస్తాము. ఆ ముక్క పిల్ల తెలివితేటల మీద తీర్పు కాదు. చాలాసార్లు అది ఏదో ఒక కాగితానికి సంబంధించిన మాట. ఆ కాగితం ఏదో కనుక్కోవటమే మొదటి పని.

కాలేజీ గుమాస్తా నోటిమాటగా చెప్పినది చాలదు. కారణం వ్రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. దాని క్రింద ప్రభుత్వ కార్యాలయం 30 దినాలలో జవాబివ్వవలెను. ఇవ్వనిచో తరువాతి 30 దినాలలో పై అధికారికి అప్పీలు చేయవచ్చును. అయితే ఉపకార వేతనపు గడువు ఈ జవాబు కోసం ఆగదు. కనుక అదొక ప్రక్క నడుస్తూండగానే అప్పీలు పెట్టవలెను.

మనవారికి తరచుగా వచ్చే చిక్కు పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందు. తమిళనాట బడిలో తండ్రి పేరు మొదటి అక్షరం ముందు వ్రాస్తారు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఆ తరువాత ఇంటిపేరు. ఇక చూడండి, బడి సర్టిఫికెట్టులో ఒకడు, ఆధార్‌లో ఒకడు, బ్యాంకు పుస్తకంలో ఒకడు! తల్లికి కొడుకు ఒక్కడే గాని కంప్యూటరుకు ముగ్గురు. బడి సర్టిఫికెట్టును ఆధారంగా పట్టుకొని మిగిలిన రెంటినీ దానికి సరిచేయించండి. ముగ్గురూ ఒక్కడేనని నోటరీ ఎదుట చేసిన ప్రమాణపత్రం అప్పీలుకు జతపరచవచ్చును గాని, దానితోనే పని తీరిందని ఊరుకోరాదు.

రెండవ చిక్కు కులధ్రువపత్రం. ఇది బరువైన విషయం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక తెలుగు విద్యార్థి అక్కడ వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు కోరినాడు. 1990లో సుప్రీంకోర్టు కాదన్నది. ఒక రాష్ట్రపు హోదా వలస వెంట మరొక రాష్ట్రానికి రాదని ఆ తీర్పు సారం. అది విని మనకిక దారి లేదనుకునేవారున్నారు. అది పొరపాటు. రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరపడి ఉన్నదో అదే లెక్క. షెడ్యూల్డు కులాలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10, తెగలకు సెప్టెంబరు 6. తాతల నాడే వచ్చి, తమ కులం ఇక్కడి జాబితాలో ఉన్నవారు ఇక్కడివారే. ఆది ఆంధ్ర, మాదిగ పేర్లు తమిళనాడు, కర్ణాటక రెండు జాబితాలలోనూ ఉన్నవి. కావలసినదల్లా 1950కి పూర్వపు సాక్ష్యం: తాతగారి బడి రిజిస్టరు, మునిసిపాలిటీ లేక మిల్లు ఉద్యోగపు పుస్తకం, ఇంటి పన్ను రసీదు. ఆ తరువాత వచ్చినవారి హోదా స్వరాష్ట్రంలోనే ఉంటుంది. వారు ఇక్కడ అప్పీళ్లతో కాలం వృథా చేసుకోక అక్కడనే అడగవలెను. 2014 తరువాత ఆ స్వరాష్ట్రం ఆంధ్రయో తెలంగాణమో ఊరిని బట్టి చూచుకోవాలి.

సర్టిఫికెట్టు ఇవ్వకుండా త్రిప్పుతూ ఉంటే కర్ణాటకలో 2011, ఒడిశాలో 2012, మహారాష్ట్రలో 2015 నాటి సేవల చట్టాలున్నవి. వాటి క్రింద ప్రకటించిన సేవలకు గడువుంటుంది. గడువు దాటితే పై అధికారికి అప్పీలు.

అప్పీలు ఒక్క పుటకు మించనక్కరలేదు. దరఖాస్తు సంఖ్య, తేదీ, వారు చెప్పిన కారణం, దానికి మన జవాబు, జతపరచిన కాగితాల పట్టిక, అంతే. మన పెద్దలు కష్టాలన్నీ ఏకరువు పెట్టి అసలు కారణానికి జవాబు మరచిపోతారు! మొదట కాలేజీలో ఈ పని చూచే అధికారికి, అక్కడ కాకపోతే జిల్లా సంక్షేమ కార్యాలయానికి ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోకుండా కదలవద్దు. లోపమున్నదని తిప్పి పంపిన దరఖాస్తు అయితే అప్పీలు కూడా అక్కరలేదు. గడువులోగా దిద్ది పంపితే చాలు.

ఇక్కడి భాషలో వ్రాయటం తల్లిదండ్రులకు కష్టమే. మన సంఘంలో ఆ భాషలో చదువుకున్న యువకులు కావలసినంతమంది ఉన్నారు. భోజనాలయిన తరువాత వారు ఈ వేదిక ప్రక్కనే కూర్చుంటారు. తిరిగివచ్చిన కాగితాలు ఎవరివద్దనైనా ఉంటే తెచ్చి చూపించండి.