వార్ధా నీటి వెంట వారం రోజులు



బ్రతుకుతెరువుకై రాజురా వచ్చిన వాళ్ళం కొందరం. కదలకుండానే ఇవతలి వాళ్ళమైన వాళ్ళం కొందరం. 1956 దాకా ఈ వూరు ఆదిలాబాదు జిల్లాలోనే వుండేది గదా! రాష్ట్రాల పునర్విభజనతో ఎల్ల మారింది. మన వార్ధా నదికి మాత్రం ఎల్ల లేదు. వైనగంగతో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరి, ఆంధ్రతీరాన సముద్రంలో కలుస్తున్నది.

మన పిల్లలు తాడోబా పులినెరుగుదురు; సముద్రాన్నెరుగరు. వచ్చే సంక్రాంతికి వారం రోజులు తీరిక చేసుకోండి. బల్లార్షాలో రైలెక్కి, విజయవాడ మీదుగా కాకినాడ చేరండి. దాపుననే కోరింగ మడ అడవులు. 1978 నుండి అభయారణ్యం. అక్కడి చెట్లు బురదలోనుంచి వేళ్ళు పైకి చాచి గాలి పీలుస్తాయి. నీటికుక్కలున్నాయి. చేపలు పట్టే నీటిపిల్లి వున్నది. అది రాత్రి తిరిగేది, కనబడకపోతే బురదలో దాని అడుగుజాడలైనా వెతకండి. చలికాలం వలసపక్షుల కాలం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ తీరపు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. రాత్రివేళ అక్కడ దీపాలు వేయకండి. పిల్ల తాబేళ్ళు దారి తప్పుతాయి.

మనం వార్ధాలో పారవేసిన చెత్త ఆ ఇసుకకే చేరగలదని పిల్లలకు అక్కడ చెప్పండి. బడిపాఠం కన్న అది బాగా నాటుతుంది. ఎల్ల ఆవల వున్నది పరాయినేల కాదనీ వారే గ్రహిస్తారు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.