బేలియాఘాట గృహమున నాయకత్వము



మనస్తత్వశాస్త్రము నా వృత్తి యగుటచే, నాయకునకు ఉద్వేగప్రజ్ఞ యెంతవరకు అవసరమో చెప్పుమని నన్నీ వేదికకు పిలిచినారు. తనయందును ఎదుటివారియందును పుట్టు ఉద్వేగములను గుర్తించి, వాని కారణములెరిగి, వానిని సరియైన త్రోవను నడపగల శక్తిని సాలోవే, మేయరు అను అమెరికా శాస్త్రజ్ఞులు 1990లో ఈ పేరిటనే చర్చకు తెచ్చిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ గ్రంథముతో ఆ మాట కార్యాలయములకెల్ల ప్రాకినది. నిర్వచనమున కింత చాలును. ఈ శక్తి సజ్జనులకే సొంతమని మాత్రము భ్రమపడరాదు. జనుల భయద్వేషములను కనిపెట్టి, వానిని పెంచి పోషించి గద్దెనెక్కినవారును ఇందు సిద్ధహస్తులే. కావున జనుల మనసెరిగిన నాయకుడు ఆ యెరుకకై తానేమి ఒడ్డెననునదే నాకు ముఖ్యము. దీనికి నిదర్శనముగా కలకత్తాలో గాంధీ గడిపిన కొన్ని దినములను చెప్పెదను.

1946 ఆగస్టు 16న కలకత్తాలో మొదలై వేలమందిని పొట్టనబెట్టుకొన్న మారణకాండకు, నాటి బెంగాలు ప్రధాని సుహ్రావర్దీయే బాధ్యుడని హిందువులు పళ్ళు కొరుకుచుండిరి. మరుసటియేడు నౌఖాలీకి పోవుచున్న గాంధీని కలకత్తాలో ఆగుమని ఆ సుహ్రావర్దీయే వేడగా, పోలీసు కాపలా లేకుండ తనతో ఒక్క కప్పు క్రింద నివసించిననే ఆగుదునని గాంధీ షరతు పెట్టెను. ఆగస్టు 13న వారు బేలియాఘాటలోని హైదరీ మంజిల్ అను పాతయింట దిగిన సాయంకాలమే, నిరుడు మేము చచ్చునాడు రానివాడవు నేడు ముస్లిముల కొరకు వచ్చితివా యని యువకులు కిటికీలు పగులగొట్టిరి. గాంధీ వారి ప్రతినిధులను లోనికి పిలిపించి, వారి నిష్ఠురములను సాంతము విని, 1946 నాటి పగను 1947లో తీర్చుకొని ఫలమేమని యడిగి, తన్ను తాను వారి రక్షణకే అప్పగించుకొనెను. శత్రువుగా నిలిచినవానిని కావలివానిగా మార్చిన ఆ యొక్క మాటలో, మా శాస్త్రమునందు అధ్యాయములకొలది వ్రాయునది ఇమిడియున్నది.

మరునాటి రాత్రి గుంపు సుహ్రావర్దీని చూపుమనెను. గాంధీ ఆయన భుజముపై చేయివేసి కిటికీకడ నిలిచెనేగాని, ఆయన పక్షమున మాటాడలేదు. నిరుటి రక్తపాతమునకు నీవు బాధ్యుడవు కావా యను ప్రశ్నకు, మొదట అందరమును బాధ్యులమే యని తప్పించుకొనజూచిన సుహ్రావర్దీ, మరల నిలదీయగా, ఆ బాధ్యత తనదేయని ఒప్పుకొనెను. గుంపు చల్లబడెను. ఆయనకు బదులుగా గాంధీయే క్షమాపణ చెప్పియున్నచో, ఆ ఆగ్రహము అట్లే మిగిలిపోయెడిదని నా నమ్మకము.

పంజాబులో 55,000 మంది సైనికులకు సాధ్యముకానిది బెంగాలులో ఒక్క మనిషి గల సేన సాధించినదని నాటి గవర్నరు జనరలు మౌంట్‌బాటెను ఆగస్టు 26న వ్రాసిన ప్రశంస కొంత తొందరపాటే. 31వ తేది రాత్రి మూక మరల ఆ యింటిపై బడెను. ఒక ఇటుకయు, ఒక లాఠీయు గాంధీకి తగులక తప్పిపోయెను. మరునాడాయన నిరశన ప్రారంభింపగా, గూండాలకు వ్యతిరేకముగ ఉపవాసమా యని గవర్నరు రాజాజీ అడిగిరి. ఆ గూండాల వెనుక నున్నవారి హృదయములను తాకుటయే తన తలంపని గాంధీ బదులిచ్చెను. వీధిలో కత్తి పట్టినవానికి ధైర్యమిచ్చునది ఇంట కూర్చుండి మౌనముగ మెచ్చుకొను పెద్దమనుష్యులే యని ఆయన యెరుగును. గురి వారి అంతరాత్మకే.

ఇంతటి మనసెరిగినవాడు తన పెద్దకుమారుడు హరిలాలుతో పొత్తు కుదుర్చుకొనలేకపోయెను. ఈ ప్రజ్ఞ ఒకచోట పండినచో అన్నిచోట్ల పండునను పాఠ్యగ్రంథముల ధీమా నాకు లేకపోవుటకు ఇదియు నొక హేతువు.

మరల కలకత్తా మాటకు వచ్చినచో, సెప్టెంబరు 4 నాటికి నగరము శాంతించెను. యువకులు ఆయుధములు తెచ్చి అప్పగించిరి. అయినను ఆయన వెంటనే ఉపవాసము విడువలేదు. పశ్చాత్తాపము నాలుగునాళ్ళకు చల్లారునని తెలిసినవాడగుటచే, తన యెదుట కూడిన హిందూ, ముస్లిము, సిక్కు పెద్దలచేత, మరల కలహము రేగనీయమనియు, దానిని వారించుటకు ప్రాణాంతమువరకు పాటుపడుదుమనియు వ్రాతమూలకముగ సంతకములు చేయించుకొనిన పిదపనే విరమించెను.