ఒక బండి, మూడు ఇంజనులు



గౌలిపుర వంటి పాతబస్తీ పేటలలో ఎత్తైన పెద్ద కారు కొనదలచిన గృహస్థునకు బండి నెంచుకొనుటకంటె ఇంజను నెంచుకొనుటయే కష్టముగా నున్నది. ఒకే పేరు, ఒకే రూపు గల బండి మూడు విధముల ఇంజనులతో లభించుచున్నది. అమ్మకపు అంగడిలో వినవచ్చు మాట అశ్వశక్తిని గూర్చినది. కొన్న పిమ్మట భరింపవలసినది నెలనెలా వ్యయము. ఈ రెంటికి గల సంబంధమును విచారింతము.

తెలుగునేలనే తయారగు కియా సెల్టోస్‌ను ఉదాహరణగా గైకొందము. పెనుకొండ చెంత నున్న కర్మాగారమునుండి ఈ బండి 2019 ఆగస్టులో తొలిసారి విపణికి వచ్చెను. అప్పుడు అనంతపురము జిల్లాలో నుండిన ఆ ప్రాంతము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందినది. 2023లో సవరింపబడిన సెల్టోస్‌కు మూడు ఇంజనులు అమర్చిరి. మూడును ఇంచుమించు ఒకటిన్నర లీటరు పరిమాణము గలవే. కాని వాని స్వభావములు వేరు.

సాదా పెట్రోలు ఇంజనుకు 115 అశ్వశక్తి, డీజిలుకు 116. పైకి రెండును సమానముగా దోచును. కాని పానా పట్టి మరను బిగించునప్పుడు మనము చూపు బలమువంటిది ఇంజనుకును కలదు. దానినే టార్కు అందురు. అది సాదా పెట్రోలునకు 144 న్యూటన్ మీటర్లు. అదియు ఇంజను నిమిషమునకు 4500 చుట్లు తిరిగిననే పూర్తిగా లభించును. డీజిలునకు 250, అది 1500 చుట్లకే అందును. ఐదుగురు సామానుతో శ్రీశైలయాత్రకు బయలుదేరి నల్లమల ఘాటురోడ్డు ఎక్కునపుడు ఈ భేదము స్పష్టమగును. సాదా పెట్రోలు బండి గేరు తగ్గించి, రొదచేయుచు ఎక్కును. డీజిలు బండి నెమ్మదిగా, శ్రమ లేక ఎక్కును. మూడవది టర్బో పెట్రోలు. దీనికి 160 అశ్వశక్తి, 253 న్యూటన్ మీటర్ల టార్కు. విశాలమైన దారిలో దీని వేగమునకు మిగిలిన రెండును సాటిరావు.

అయితే ఏడాదిలో శ్రీశైలమునకు పోవు దినములెన్ని? శాలిబండకు, లాల్ దర్వాజాకు, ఛత్రినాకకు తిరుగు దినములెన్ని? ఈ గల్లీలలో బండి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగును. ఆటోల వెనుక ప్రాకును. 160 అశ్వములును అచట నడకనే నడువవలెను. పైగా, ఈ టర్బో బండికి అమర్చిన జంట క్లచ్చిల ఆటోమేటిక్ గేరు ఎక్కుడు దారిలో పదేపదే ఆగి కదలినచో వేడెక్కును. సాదా పెట్రోలునకు అమర్చిన బెల్టు ఆటోమేటిక్ గేరు ఇట్టి నెమ్మది నడకకు అనువైనది.

డీజిలుకు మరియొక చిక్కు కలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమముల ననుసరించి డీజిలు కార్లకు మసిని పట్టు జల్లెడ అమర్చబడినది. పట్టిన మసి కాలిపోవుటకు మిక్కిలి వేడి కావలెను. గల్లీలలో మాత్రమే తిరుగు బండికి ఆ వేడి పుట్టదు. జల్లెడ పూడిపోయి హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడప్పుడు ఔటర్ రింగు రోడ్డుపై కొంతసేపు నిలుకడయైన వేగముతో నడపనిచో మరమ్మతు ఖర్చు తప్పదు.

ఇక ధనము. పరీక్షలలో సాదా పెట్రోలు బండి లీటరునకు 17 కిలోమీటర్లు, డీజిలు 20.7 కిలోమీటర్లు నడిచినవి. దారిలో రెండును అంతకు తగ్గును. పోల్చుటకు ఈ అంకెలు చాలును. 2024లో హైదరాబాదున లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిలు 95 రూపాయలు దాటి యుండెను. ఈ లెక్కన నెలకు 1000 కిలోమీటర్లు తిరుగు వారికి డీజిలువలన సుమారు 1700 రూపాయలు మిగులును. డీజిలు బండి వెల లక్షన్నర అధికమనుకొన్నచో ఆ సొమ్ము తిరిగివచ్చుటకు ఏడేండ్లు దాటును. నెలకు 500 కిలోమీటర్లే తిరుగు వారికి పదునాలుగేండ్లు దాటును. కొత్త కారు రిజిస్ట్రేషను గడువే పదునైదేండ్లు! నెలకు 1500 కిలోమీటర్లు తిరుగు వర్తకునకు మాత్రము ఐదేండ్లలో ముట్టును.

కాబట్టి గల్లీలలోనే ఎక్కువగా తిరుగు కుటుంబమునకు సాదా పెట్రోలు చాలునని మా అభిప్రాయము. వారమునకు రెండుమూడుమార్లు దూరప్రయాణము చేయువారికి డీజిలు తగును. వేగమందు మక్కువయు, దానికి తగిన దారియు గలవారు టర్బో కొనవచ్చును. దానిని పొదుపని మాత్రము తలపరాదు.

కొనుటకు ముందు చేయవలసిన పనులు రెండు. ఒక నెల దినములు తిరిగిన కిలోమీటర్లను పుస్తకమున వ్రాసికొనవలెను. పరీక్షకు తెచ్చిన బండిని మీ గల్లీలోనికే, బడి విడుచు వేళ, ఇంటిల్లిపాదితో నడిపి చూడవలెను. బండి వెడల్పు 1.8 మీటర్లు, మీ వాకిట అది మలుగనిచో ఏ ఇంజనును అక్కరకు రాదు.